ఆంధ్రకావ్యములయందు ఝంఝావాతము

బాపట్లనుండి రేపల్లెకు పోవు త్రోవలో నున్న కర్లపాలెము సముద్రమునకు మిక్కిలి దూరము కాని గ్రామము. పూర్వము గుంటూరు మండలమునకును, 2022 సంవత్సరము మొదలు బాపట్ల మండలమునకును చేరిన యీ ప్రదేశమునకు నైరృతి దిక్కున చీరాల, ఈశాన్యమున నిజాంపట్టణము, దాని కావల కృష్ణానదీముఖము, దివిసీమయు గలవు. ఇచట భూమి చదునైనది. కొండలు లేవు. తాటితోపులును, ఇసుకమెరకలును, వరిపొలములునే కంటికి గానవచ్చును. ఇట్టి దేశమున ప్రకృతి చూపగల మహాదృశ్యము పర్వతము గాదు, జలపాతము గాదు, అది గాలివాన. తెలుగు కవిత్వము నన్నయభట్టు కాలమునుండి వానను వర్ణించుచునే యున్నది. అయినను ఈ తీరవాసులు తరతరములుగా నెరిగిన సముద్రపు గాలివానకు ఆ కవిత్వమున నెంత చోటు లభించినది? లభింపనిచో కారణమేమి? ఇప్పటి రచయితకును, పాఠశాలయందు వ్యాసరచన నేర్చు బాలునకును అట్టి దృశ్యము రచనాప్రేరకముగా నెట్లుపయోగపడగలదు? ఈ మూడు ప్రశ్నలును ఇచట విచారింపబడుచున్నవి.

శబ్దవిచారము

మొదట శబ్దములను చూడవలయును. అమరసింహుడు పెనుగాలికి ప్రకంపనమనియు మహావాతమనియు పేర్లు చెప్పి, వృష్టితో గూడిన దానిని ఝంఝావాతమని వేరుపరచెను. మేఘములు గప్పిన పగటికి దుర్దినమనియు, ఎడతెగని ధారాపాతమునకు ఆసారమనియు, గాలికి చెదరు నీటితుంపురులకు శీకరమనియు ఆ నిఘంటువుననే వేర్వేరు నామములు గలవు. దీనినిబట్టి ప్రాచీనులు వాతావరణమును సూక్ష్మముగా పరిశీలింపలేదనుట పొసగదు. ఝంఝాశబ్దము ధ్వన్యనుకరణము. పేరు పలికినంతనే గాలిరొద వినబడును.

తెలుగున దీనికి సరియైన మాట గాలివాన. గాలియు వానయు నని విగ్రహము చెప్పుటచే నిది ద్వంద్వమే. కాని తల్లిదండ్రులు, అన్నదమ్ములు అనునట్లు ఇది బహువచనమును గొనదు. గాలివాన వచ్చినదనియే లోకవ్యవహారము. ఆ రెంటిని వేరువేరు వస్తువులుగాగాక యొక్కటే భూతముగా జనులు భావించిరనుటకు ఈ యేకవచనమే సాక్ష్యము. తుపాను దేశ్యము గాదు. అరబ్బీ భాషలో నూహు ప్రవక్తకాలపు జలప్రళయమునకు చెప్పబడిన తూఫాను శబ్దము పారసీక హిందుస్తానీల ద్వారమున తెలుగునకు వచ్చి, ఫకారము పకారమై స్థిరపడినది. గాలికంటె నీటి భయమే యా శబ్దగర్భమున నున్నది. ఇక వాయుగుండము నేటి వార్తలవలన వ్యాప్తిజెందిన మాట. ఆంగ్లేయులు వాడు సైక్లోను శబ్దమును కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను కల్పించి 1848 నాటి తన గ్రంథమున ప్రచురించెను. అది గ్రీకు మూలమున చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయును. ఆ విద్వాంసుని పరిశీలనకు విషయమైన యుపద్రవములలో మన గోదావరీముఖమున నున్న కోరంగి గాలివానలు ముఖ్యములు. కనుక ప్రపంచమంతయు వాడు నొక శబ్దము వెనుక ఆంధ్రతీరపు గాలియు గలదు.

ఇవియన్నియు గాలికిని వానకును సంబంధించినవి. సముద్రము గట్టుదాటి నేలపైకి వచ్చుటకు తెలుగువారు వాడు ప్రత్యేకమైన మాట ఉప్పెన. సంస్కృతమున ఉద్వేలము మొదలగు విశేషణములు గలవు గాని, తీరమున పుట్టి పెరిగిన ఉప్పెనవలె నొక్కమాటలో భయమును నింపు నామపదము వ్యవహారమున లేదు. ఈ లోపము యాదృచ్ఛికము గాదు.

వేలామర్యాద

సంస్కృతకవులకు సముద్రము మర్యాదకు నిదర్శనము. ఎన్ని నదులు వచ్చి కలిసినను పొంగక, చెలియలికట్టను దాటక యుండుటచే ధీరుడైన రాజునకు నది యుపమానమైనది. అది వేల నతిక్రమించు సమయమొక్కటే, ప్రళయము. ఈ సమయము కావ్యములయందు దృఢపడిన పిమ్మట, ప్రళయముగాని నాడు సముద్రము గ్రామముమీదికి వచ్చెనని చెప్పుట కవికి కష్టమయ్యెను. చెప్పినచో నుపమానము చెడును, రాజస్తుతియు చెడును. తెలుగు కవులు ఈ సమయమునే గ్రహించిరి. కాబట్టి ఉప్పెన వారి కావ్యములలో లేకపోలేదు. పురాణవేషమున మాత్రమే కలదు. ద్వారక సముద్రమున మునిగిన కథను తిక్కన మౌసలపర్వమున నడపెను. మార్కండేయుడు చూచిన ప్రళయము అరణ్యపర్వశేషమున ఎఱ్ఱనచేత తెలుగైనది. పోతన భాగవతమున సత్యవ్రతుని యోడ ప్రళయజలముపై తేలినది. సుడిగాలి తృణావర్తుడను రాక్షసుడై వచ్చినది. రాళ్లవాన యింద్రుని కోపమై గోవర్ధనముక్రింద గోకులమును జేర్చినది. ఈ ఘట్టములను చదివిన తీరవాసికి తాను చూచిన గాలివాన జ్ఞప్తికి రాకమానదు. అయినను అందు తప్పిదమునకు శిక్షయో, దేవుని రక్షణయో తప్పక యుండును. నిజమైన యుప్పెనలో నీ రెండును కానరావు. నిద్రించుచున్న శిశువు నెవరి తప్పిదమునకు నీరు కొనిపోయినది? ఈ ప్రశ్నకు పురాణవేషము సమాధానము చెప్పదు.

కవులు సముద్రమునకు దూరముగా నుండిరి గనుక ఉప్పెన నెరుగరని కొందరు చెప్పవచ్చును. నన్నయ రాజమహేంద్రవరమునను, కృష్ణరాయలు విజయనగరమునను ఉండుట నిజమే. కాని తిక్కన నెల్లూరివాడు. నెల్లూరికి సముద్రము దూరము గాదు. కాబట్టి దూరమొక్కటియే కారణము గాదు. గ్రహించిన కథయు, అంగీకరించిన సమయమును ముఖ్యకారణములు.

ఋతువర్ణనమును కార్తికమాసమును

రెండవ కారణము ఋతుక్రమము. దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు నగరార్ణవశైలర్తువుల వర్ణనమును విధించెను. అర్ణవమును గలదు, ఋతువును గలదు. ఋతువునకు లొంగని యుపద్రవము లేదు. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు కాలవిభాగమున కొక యధ్యాయమునే కేటాయించి, ఏ ఋతువున నే గాలి వీచునో కవి యెరుగవలెనని నియమించెను. ఈ సంప్రదాయమున వానలు వర్షర్తువునకు చేరినవి. శరత్తు వచ్చునప్పటికి మేఘములు తెల్లనగును, నదులు తేరును, హంసలు తిరిగివచ్చును, రెల్లు పూచును, వెన్నెల కాయును. ఆశ్వయుజ కార్తికములు శరత్తని బాలురకును తెలియును.

ఇప్పుడు తీరచరిత్రను చూడుడు. కోరంగి రేవును నాశముచేసిన గాలివాన 1839 నవంబరు 25వ తేదీన వచ్చినది. బందరును ముంచిన యుప్పెన 1864 నవంబరు 1వ తేదీ రాత్రిది. దివిసీమ యుప్పెన 1977 నవంబరు 19వ తేదీన వచ్చినది. బాపట్ల సమీపమున తీరమును తాకిన మిచౌంగు తుపాను 2023 డిసెంబరు 5వ తేదీది. ఈ నాలుగు దినములను చాంద్రమానమునకు మార్చి చూచినచో నాలుగును కార్తికమాసముననే పడుచున్నవి. కావ్యమున నిర్మలమైన యాకాశమునకును పండువెన్నెలకును పేరుగాంచిన మాసమే ఈ తీరమునకు మృత్యుమాసము. ఇది కేవలము యాదృచ్ఛికము గాదు. నైరృతి ఋతుపవనములు వెనుదిరిగిన పిమ్మట వెచ్చనై యుండు బంగాళాఖాతముననే గట్టి తుపానులు పుట్టును. అక్టోబరు నవంబరు డిసెంబరులు వానికి ముఖ్యకాలము. వేసవిలోను కొన్ని పుట్టును. 1990 మే 9వ తేదీన కృష్ణానదీముఖమునొద్ద తీరము దాటి 967 మందిని బలిగొన్న తుపాను వైశాఖపూర్ణిమనాడు వచ్చినది. మలయమారుతము వీవవలసిన వసంతమది.

1864 నాటి తేదీ మరియొక విధముగ గమనింపదగినది. నవంబరు మొదటిదినము స్వాతికార్తెలోనిది. స్వాతివాన చినుకు ముత్యపుచిప్పలో బడి ముత్యమగునని కవిసమయము. అదే కార్తెలో, అమావాస్య దాటిన రెండుదినములకు, సహజముగనే పోటు హెచ్చుగా నుండు వేళ, సుమారు 13 అడుగుల యెత్తున సముద్రము బందరుపై బడినది. చనిపోయినవారు దాదాపు 30,000. గోర్డను మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణామండల చరిత్రగ్రంథమున నీ యుపద్రవము వర్ణింపబడినది. అది పరిపాలకుని గద్యము. లెక్కలు, నష్టములు, కూలిన భవనములు అందు గలవు. పండితలోకమున ప్రసిద్ధినందిన తెలుగు కావ్యమేదియు ఆ రాత్రిని వస్తువుగా గొనలేదు. ముత్యమును గూర్చిన పద్యములు మిగిలినవి. ముప్పదివేలమందిని గూర్చిన పద్యము మిగులలేదు.

కార్తెలపేరుతో కాలమును లెక్కించు కృషీవలుడు శరద్వర్ణనమునకు మోసపోలేదు. స్వాతి, విశాఖ కార్తెలలో ఈశాన్యపు గాలి తిరిగి ముసురు పట్టినచో, కోతకు వచ్చిన వరిని గూర్చి యతడు భయపడుచునే యుండెను. ఋతువు కవిది, కార్తె రైతుది అని తేలుచున్నది. పూర్వకవులలో నీ రెంటిని కలిపిన మహనీయుడు కృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున వర్షర్తువర్ణనము కేవలము మేఘమయూరములతో ముగియదు. తడిసిన కట్టెలతో పొయ్యి రాజవేయలేని గృహిణి, పొగ నిండిన యిల్లు, జడిలో ముడుచుకొన్న పక్షి, పొలమున కష్టించు రైతు అందు గానవత్తురు. సముద్రమతనికి వస్తువు గాలేదు గాని, వాన యింటిలోనికి వచ్చినప్పుడు మనుష్యు డెట్లుండునో చూపిన దృష్టి యతనిది. ఆ దృష్టియే గాలివానకును కావలసియున్నది.

1977 నాటి యుప్పెన

దివిసీమ యుప్పెనకు కారణమైన తుపాను చీరాల సమీపమున తీరము దాటినది. అట్లయినచో చీరాలకు ఈశాన్యమున నెంతో దూరముననున్న దివిసీమయే యేల మునిగినది? భూగోళపు ఉత్తరార్ధమున తుపానుగాలులు అప్రదక్షిణముగా తిరుగును. మన తీరము నైరృతినుండి ఈశాన్యమునకు సాగును. తుపాను ఆగ్నేయమునుండి వచ్చి తీరమును తాకునప్పుడు, దాని కుడిప్రక్కన గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఎడమప్రక్కన నేలనుండి సముద్రమునకు వీచును. కుడిప్రక్కననే బాపట్ల, కర్లపాలెము, నిజాంపట్టణము, రేపల్లె, దివిసీమలు వరుసగా నున్నవి. లోతులేని తీరజలమును గాలి త్రోసికొనివచ్చి కృష్ణానదీముఖపు పల్లపు నేలపై గుప్పించినది. నీరు సుమారు 5 మీటర్ల యెత్తునకు లేచెను. ప్రభుత్వపు లెక్కనుబట్టియే మృతులు దాదాపు 10,000. తాటిచెట్లను కౌగిలించుకొని ప్రాణము దక్కించుకొన్నవారును గలరు. కల్పవృక్షమను మాట యట్టివారికి నర్థవాదము గాదు.

ఇక్కడ రచయితకు పనికివచ్చు సూక్ష్మమొకటి గలదు. నేడు తుపాను చిత్రమనగా నాకాశమునుండి కృత్రిమోపగ్రహములు తీసినది, నడుమ కన్నుగల తెల్లని మేఘచక్రము. అది మనోహరము. విష్ణుచక్రమనియు, శేషుని చుట్టలనియు నుత్ప్రేక్షలు తమంత దామే దొరలును. కాని ఆ చక్రము క్రింద నున్న మనుష్యునకు చక్రమేదియు కనబడదు. అతనికి కనబడునది చీకటి, వినబడునది రొద, తెలియునది మోకాలినుండి నడుముదాక వచ్చిన నీరు. పైనుండి చూచిన చిత్రమును మాత్రమే యాధారముగ గొని వ్రాసినవాడు గాలివాన నలంకరించును. క్రిందనుండి చూచినవాడు దానిని చెప్పును.

గద్యమున గాలివాన

పద్యకావ్యము చేయని పనిని ఇరువదవ శతాబ్దిలో గద్యము చేసెను. అడివి బాపిరాజు తన నవల కొకదానికి తుపాననియే పేరిడెను. పాలగుమ్మి పద్మరాజు రచించిన గాలివాన యను కథానిక 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రిక జరిపిన ప్రపంచకథల పోటీలో ద్వితీయ బహుమానము నందినది. పద్మరాజు పశ్చిమగోదావరి మండలమున 1915లో పుట్టి, కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రోపన్యాసకుడుగ నుండినవాడు. గాలివాన నెరిగిన తీరమువాడు.

ఆ కథలో నియమబద్ధమైన జీవితము గడపిన రావుగారను న్యాయవాది రైలులో ప్రయాణము చేయుచు, గాలివానలో నొక చిన్న స్టేషనున చిక్కుకొనును. అతనికి తోడైనది, రైలులో నతనికి విసుగు గలిగించిన యొక బిచ్చగత్తె. భయమున నతడు ప్రాకులాడునపుడు ధైర్యము చెప్పునదియు, వెచ్చదనమిచ్చునదియు నామెయే. తెల్లవారునప్పటి కామె మరణించి యుండును. రావుగారి నియమములు, గౌరవము, వేదాంతము ఆ రాత్రి గాలికి నిలువలేదు.

అలంకారశాస్త్రదృష్టితో నిందలి విశేషమును గుర్తింపవలయును. ప్రాచీనకావ్యమున మేఘమును, వానయు, గాలియు ఉద్దీపనవిభావములు. విరహిణికి మేఘము శోకమును పెంచును. శోకమునకు మూలము వేరు. మేఘదూతమునందును మేఘము దూతయేగాని కథకు మూలము గాదు. గాలివాన కథలో నట్లు గాదు. అందలి భయమునకు గాలివానయే యాలంబనము. అది లేనిచో కథయే లేదు. ఉద్దీపనస్థానముననుండి ఆలంబనస్థానమునకు వాతావరణమును తెచ్చుటయే ఆధునికరచన చేసిన మార్పు. అయినను రసమునకు తుది యాశ్రయము మనుష్యుడే. పద్మరాజు గాలిని వర్ణించుటకై రావుగారిని కల్పింపలేదు. రావుగారిని పరీక్షించుటకై గాలిని తెచ్చెను.

దేశాంతరములయందును ఈ న్యాయమే గానవచ్చుచున్నది. 1609లో బెర్ముడా ద్వీపమునొద్ద గాలివానకు చిక్కిన సీ వెంచరు నౌకావృత్తాంతము షేక్స్పియరు టెంపెస్టు నాటకమునకు ప్రేరకమని విద్వాంసులందురు. అది 1611లో రాజసభలో ప్రదర్శింపబడినది. ఆంగ్లేయుల గ్లోబు నౌక నిజాంపట్టణపు రేవును చేరినదియు ఆ సంవత్సరముననే. 1815లో తంబోరా యగ్నిపర్వతము పగిలి లోకమంతట ధూళి వ్యాపింపగా, 1816లో యూరపునకు వేసవియే లేకపోయెను. ఆ వానలలో జెనీవా సరస్సు చెంత నింటబడియుండిన మిత్రులు భయానకకథల బందెము వేసికొనగా, మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైను పుట్టినది. అందును వాన వర్ణ్యవస్తువు గాదు. మనుష్యుని యహంకారమే వస్తువు. వాతావరణము తలుపు దెరచినది; లోనికి ప్రవేశించినది మానవహృదయము.

ఔచిత్యవిచారము

ఇక మిగిలినది కష్టమైన ప్రశ్న. పదివేలమంది మరణించిన దృశ్యమును రచనాభ్యాసమునకు వస్తువుగా గొనుట తగునా? పాఠశాలలలో చిత్రమొకటి చూపి వ్యాసము వ్రాయించు నలవాటు గలదు. ఉవ్వెత్తున లేచిన కెరటము, మెరుపుతో చీలిన యాకాశము, వంగిన తాటిచెట్టు బాలుని కల్పనను రేకెత్తించుట సత్యము. మమ్మటుడు కావ్యమునకు శక్తి, నిపుణత, అభ్యాసములను హేతువుగా జెప్పుచు, లోకమును చూచుటవలన నిపుణత కలుగునని మొదట చెప్పి, పిమ్మటనే శాస్త్రకావ్యములను చెప్పెను. కావున వాతావరణమును చూచి వ్రాయుట శాస్త్రసమ్మతమే. కాని చిత్రమును చూచుట లోకమును చూచుట గాదు. చిత్రమునుండి బాలుడు నేర్చునది సాధారణముగ విశేషణములు మాత్రమే. భీకరము, ప్రళయము, విలయతాండవము అను మాటలు వరుసగా వచ్చును. వానిలో నొక్కటియైనను కర్లపాలెమునకు ప్రత్యేకముగ చెందినది గాదు.

క్షేమేంద్రుడు ఔచిత్యమును రసమునకు ప్రాణమనెను. మెడలో వడ్డాణమును, నడుమున హారమును ధరించినవారు నవ్వులపాలగుదురు. శవమును పద్మముతో పోల్చుట యట్టిదే. ఉప్పెనను గూర్చి వ్రాయునపుడు అలంకారము తగ్గవలయును, నామములు హెచ్చవలయును. ఏ కార్తె, ఏ దిక్కు గాలి, ఏ చెట్టు నిలిచెను, ఏ గోడ కూలెను, నూతినీరు ఎన్నినాళ్లు ఉప్పనైయుండెను, పశువుల నెచట పూడ్చిరి, మరుసటియేడు ఆ చేను పండెనా అనునవి తెలిసికొని వ్రాసిన నాలుగు వాక్యములు, ప్రళయసాగరముతో మొదలైన నాలుగు పుటలకంటె గొప్పవి. అప్పుడది కల్పనయై యుండియు మృతుల కన్యాయము చేయదు.

ఈ పద్ధతికి కాలము మిగులదు. 1977లో పదియేండ్ల ప్రాయమున ఉప్పెనను చూచినవారు నేడు అరువదికి చేరువగ నున్నారు. నాటికి పెద్దలైనవారిలో పలువురు గతించిరి. 1864 నాటి రాత్రిని గూర్చి చెప్పగలవారిని అడుగకయే నాటి పండితులు శరద్వర్ణనములు బోధించుచు కాలము గడపిరి. తత్ఫలితముగ ఆ రాత్రి పరిపాలకుని గ్రంథమున మాత్రమే మిగిలినది. ఆ లోపము రెండవమారు జరుగరాదు. బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతపు భాషోపాధ్యాయులు తమ విద్యార్థులకు గాలివానను వ్యాసవిషయముగ నిచ్చుట మంచిది. ఐతే చిత్రపటమునకు ముందు ఇంటిలోని వృద్ధుల నడిగి రమ్మని పంపుట మరింత మంచిది. వారు చెప్పు మాటలలో ఈదురుగాలి, ముసురు, జడి, పోటు మొదలగు శబ్దములు తమ తమ చోట్ల ప్రయోగింపబడి వినవచ్చును. అట్టి ప్రయోగములను సేకరించుట వైయాకరణునకును లాభమే.

కాబట్టి మొదటి ప్రశ్నలకు సమాధానమిట్లు తేలుచున్నది. సముద్రపు గాలివానకు ప్రాచీనాంధ్రకావ్యమున స్వతంత్రమైన చోటు లేదు. పురాణప్రళయపు చాటున మాత్రమే యది నిలిచినది. దీనికి వేలామర్యాద యను సమయమును, శరత్తును నిర్మలముగ నిర్ణయించిన ఋతుక్రమమును కారణములు. ఆధునికగద్యము దానిని ఆలంబనముగ జేసి మనుష్యుని పరీక్షించినది. ఇకమీదట వ్రాయువారు కార్తికమును వర్ణింపబూనినపుడు వెన్నెలను విడువనక్కరలేదు. ఆ వెన్నెల మాసముననే సముద్రము నాలుగుమారులు గట్టుమీదికి వచ్చెనని యెరిగి వర్ణించిన చాలును.